మేడారపు త్రోవలో ఒక రాత్రి

యాత్రలను గూర్చి వ్రాయువారు సాధారణముగా గోపురమును, కోనేటిని, రథవీధిని వర్ణింతురు. మేము ఈ వ్యాసమున చెప్పబోవునది ఒక ట్రాక్టరు ఆగిపోయిన చోటును గూర్చి. 2024వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున మేడారము జాతరకు పోవుచు అడవి నడుమ ఒక రాత్రి గడుపవలసి వచ్చినది. ఆ రాత్రి మేము నేర్చుకొన్న సంగతి మన యిండ్లలో పదుగురికి పనికివచ్చునని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ ప్రాంతము నెఱుగని సోదరీమణులకు ముందుగా జాతర సంగతి చెప్పవలెను. మేడారము తెలంగాణమున ములుగు జిల్లా తాడ్వాయి మండలములో అడవుల నడుమ నున్న చిన్న పల్లె. రెండేండ్లకొకమారు మాఘమాసపు పున్నమి నాటికి అచ్చట సమ్మక్క సారలమ్మల జాతర జరుగును. గోపురము లేదు, శిలావిగ్రహము లేదు. గద్దెలు, వానిపై నిలిపిన వెదురుకఱ్ఱలు, కుంకుమభరిణె, ఇవియే దేవతలు. పూజారులు కోయవారు. బుధవారము నాడు కన్నెపల్లి నుండి సారలమ్మయు, గురువారము నాడు చిలుకలగుట్ట నుండి సమ్మక్కయు గద్దెలకు వేంచేయుదురు. శుక్రవారము మ్రొక్కులు చెల్లును. శనివారము దేవతలు మరల వనప్రవేశము చేయుదురు. కఱవుకాలమున కప్పము కట్టలేక కాకతీయుల సైన్యమునెదిరించి ప్రాణములర్పించిన తల్లీకూతుండ్రని జనులు చెప్పుకొను కథ. అచ్చట సమర్పించు బెల్లమును బెల్లమనరాదు, బంగారమనవలెను. మనిషిని త్రాసునందుంచి అంత బరువు బెల్లము తూచి యిచ్చినచో దానిని నిలువెత్తు బంగారమందురు.

అంతకు ముందటి వానకాలమున మా చిన్నవానికి డెంగ్యూ జ్వరము వచ్చి ఆసుపత్రిలో ఆఱు దినములుంటిమి. నాలుగవ దినమున మా అత్తగారు ఆసుపత్రి మెట్లపై కూర్చుండి, బిడ్డ లేచి తిరిగినచో నిలువెత్తు బంగారము తూచెదనని సమ్మక్కకు మ్రొక్కుకొనిరి. బిడ్డ లేచినాడు. ఎనిమిదేండ్లవాడు, ఇరువదిరెండు కిలోల బరువు. జాతర రాగానే ఆ మ్రొక్కు తీర్చవలసి యుండెను.

మా గ్రామము హనుమకొండకు చేరువ. మావారు బడిపంతులు, మఱిది వ్యవసాయదారుడు. మఱిదికి ట్రాక్టరును ట్రాలీయు కలవు. పొరుగింటి వృద్ధదంపతులతో కూడ తొమ్మండుగురము బయలుదేరుటకు నిశ్చయించుకొంటిమి. ఇచ్చట ఒక మాట దాచక చెప్పవలెను. ట్రాలీ సరకులకు గాని మనుష్యులకు కాదని చట్టము. కీడు మూడినచో బీమా సొమ్ము విషయమునను చిక్కులు కలుగును. అయినను ఊరివారందఱు అటులే పోవుచుండగా మేమును పోయితిమి. అది మెచ్చుకొనవలసిన పని యని మేమనుట లేదు.

జాతరకు పోవుటయనగా నాలుగు దినములు అడవిలో కాపురముండుట. అందుచేత ట్రాలీయే మా యిల్లయినది. అడుగున వరిగడ్డి పఱచి, దానిపై జంపఖానాలు వేసితిమి. వెదురుబద్దలు వంచి టార్పాలిన్ కప్పితిమి. ఒక మూల నీళ్ల డ్రమ్ము, ఒక మూల బియ్యము, పప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు, ఒక మూల కట్టెలు, వంటపాత్రలు, నడుమ కొత్తగుడ్డలో మూటగట్టిన బంగారము. మా తోడికోడలును మేమును రెండు దినములు ఈ సర్దుబాటులోనే యుంటిమి. తోమవలసినదంతయు తోమితిమి, కడుగవలసినదంతయు కడిగితిమి. పశువులకొట్టములో పడియున్న ఇరువది లీటర్ల డీజిలు క్యాను మట్టిగొట్టుకొని, జిడ్డుగా, వాసన వేయుచుండెను. బియ్యపు మూటల ప్రక్కన దానినెట్లుంచుదుమని సబ్బునీళ్లు పోసి కుదిపి, మూడుమార్లు తొలిచి, రాత్రి బోర్లించితిమి. తెల్లవారుజామున మఱిది దానిని తీసికొనిపోయి ఊరి బంకులో డీజిలు నింపించుకొని వచ్చెను.

మంగళవారము ఉదయమున బయలుదేరితిమి. బరువుతో నున్న ట్రాక్టరు గంటకు ఇరువది కిలోమీటర్లకు మించి పోదు. కారులో పోవువారికి కానరాని వెన్నియో మాకు కనబడినవి. ఎండిన ప్రత్తిచేలు, మిరపకాయలారబోసిన కల్లములు, ఆకురాలిన కొమ్మలకు నిప్పుకణికలవలె పూచిన మోదుగలు. ములుగునకు ముందు గట్టమ్మ తల్లి గుడి యొద్ద ఆగితిమి. మేడారము పోవువారు మొదట గట్టమ్మకు మ్రొక్కి గాని ముందునకు సాగరు. ములుగు దాటి జంగాలపల్లి చేరినప్పుడు, ఇచ్చటినుండియే పాలంపేటకు త్రోవ చీలుననియు, అచ్చటి రామప్ప దేవాలయము 2021లో యునెస్కో వారి ప్రపంచ వారసత్వ స్థలములలో చేరినదనియు మావారు పిల్లలకు చెప్పిరి. "ఆ గుడి కట్టించినవారును, సమ్మక్కపై దండెత్తినవారును ఒకరేనా?" యని పెద్దపిల్ల యడిగినది. కాలము వేఱైనను అప్పుడును ఇప్పుడును ఏలినవారు కాకతీయులే యని వారు బదులు చెప్పిరి. పిల్ల మరల ఏమియు అడుగలేదు గాని చాలసేపు ఆ త్రోవవంకనే చూచుచుండెను.

త్రోవలోని ఒక బంకులో మఱిది పది లీటర్ల డీజిలు పోయించెను. పస్రా చేరునప్పటికి బండ్ల వరుస క్రోసుల పొడవున నిలిచియుండెను. ముందు బంకు దొరకునో దొరకదో యని, క్యానులోని డీజిలు సగము ట్యాంకులో పోసికొని నార్లాపురము త్రోవ పట్టితిమి.

ప్రొద్దు వాలుచుండెను. ఇరుప్రక్కల మద్దిచెట్లు, టేకుచెట్లు. ఒక మిట్ట నెక్కుచుండగా ఇంజను రెండుమార్లు దగ్గినది. తెల్లని పొగ విడిచి, కొంచెము పుంజుకొని, అంతలోనే ఊరకయైనది. మరుక్షణమున మా ట్రాలీ వెనుకకు కదలినది.

బండి ఆగుటకంటె వెనుకకు జారుట భయంకరము. ట్రాక్టరునకు బ్రేకులు కలవు గాని మా ట్రాలీకి లేవు. మిట్టపై ఇంజను ఆగినచో ట్రాలీలోని బరువంతయు ట్రాక్టరును వెనుకకీడ్చును. కొంచెము వంకరగా జారినయెడల రెంటి నడుమనున్న కొక్కెము వద్ద మడతపడి ట్రాలీ యొరగును. మఱిది బ్రేకుపై నిలువబడినట్లు కాలూని యుండెను. భయమున మేము పిల్లలనెత్తుకొని వెనుకనుండి దిగబోయితిమి. అంతట మా అత్తగారు గట్టిగా, "పిల్లల దింపకుండ్రి! ముందుగాల చక్రాలకు రాళ్లు పెట్టుండ్రి!" అని కేకవేసిరి. మావారును పొరుగింటి పెద్దాయనయు ప్రక్కనుండి దుమికి, చక్రముల వెనుక రెండు బండరాళ్లు దొర్లించిరి. ట్రాలీ రాళ్లకొఱిగి నిలిచినది. అప్పుడు గాని అత్తగారు మమ్ము దిగనీయలేదు. జారుచున్న బండి వెనుకనుండి దిగినవాడు చక్రము క్రిందికే దిగునట. వారు చిన్ననాడు ఎడ్లబండిపై మూడు దినములు ప్రయాణించి ఈ జాతరకు వచ్చినవారు. ఎడ్లు మారి ఇంజను వచ్చినను మిట్ట స్వభావము మారలేదు గదా!

పిల్లలను త్రోవకు దూరముగా చెట్లక్రింద కూర్చుండబెట్టితిమి. చీకటి పడినచో వెనుకనుండి వచ్చు బండ్లకు ఆగియున్న ట్రాలీ కానరాదు. అందుచేత ఏబది అడుగుల వెనుకనుండి త్రోవపై పచ్చికొమ్మలు పఱచి, ట్రాలీ వెనుక ఒక టార్చిలైటు వ్రేలాడదీసితిమి. మఱిది సెల్ఫు కొట్టగా కొట్టగా బ్యాటరీ కూడ నీరసించినది.

వెనుకనుండి జనగామ ప్రాంతమువారి ట్రాక్టరొకటి వచ్చి ఆగినది. దానిని నడుపునాయనకు ఏబదియేండ్లుండును. ఆయన తన ట్రాలీని విప్పి ప్రక్కకుంచి, గొలుసు వేసి మా బండిని మిట్టపైనున్న మైదానమునకు లాగిపెట్టెను. ఎవరో తెలియదు, ఏ ఊరని మేము అడుగలేదు. మా పిల్లలకు వారి ట్రాలీలోని ఆడువారు అప్పుడే సకినాలు పెట్టుచుండిరి.

మైదానమున ఎండుటాకులూడ్చి, మూడురాళ్లు పెట్టి అన్నము వండితిమి. మాఘపు చలి. చంద్రుడు పున్నమికి చేరువై యుండెను. పదియడుగుల దూరమున మఱిదియు ఆ పెద్దమనిషియు సెల్లుఫోను వెలుతురులో ఇంజను విప్పుచుండిరి. ఫిల్టరు గిన్నె క్రింది మర విప్పి, అందులోనిది ఖాళీ నీళ్లసీసాలో పట్టిరి. సీసాను వెలుతురునకెత్తి చూడగా రెండు పొరలు కనబడినవి. పైన పచ్చగా డీజిలు, క్రింద తేటగా నీరు. డీజిలు తేలిక, నీరు బరువు. నీరు ఎల్లప్పుడు అడుగునకు దిగును, ఇంజనునకు డీజిలు పోవు గొట్టము అడుగుననే యుండును. పంపు నీటిని లాగినచో ఇంజను మండదు.

"ఎవడో నీళ్లు కలిపిండు తమ్మీ," యని ఆ పెద్దమనిషి అనెను. మఱిదికి కోపము మిన్నుముట్టినది. త్రోవలో పది లీటర్లు పోసిన బంకువానిని తిట్టెను. తిరిగి పోవునప్పుడు నలుగురిని వెంటబెట్టుకొనిపోయి వాని సంగతి చూచెదననెను. సీసాను ఫోటో తీసి మిత్రులకు పంపబోయెను. పిదప, "ఈ ట్యాంకుల ఉన్నదంతా కింద పారబోస్త. మన ఊరి డీజిలు క్యానుల సగముంది. అది పోసుకొని పోదాం," అనెను.

పొయ్యిమీద అన్నము కుతకుతలాడుచుండెను. గరిటె పట్టుకొన్న మా చేయి అచ్చటనే నిలిచిపోయినది. ఆ క్యానును సబ్బునీళ్లతో కడిగినదెవరో మాకు తెలియును. ఇంతవఱకు ఈ వ్యాసమున "మేము" అని వ్రాయుచు వచ్చితిమి. ఆ మాటలో ఇంటివారందఱు ఒదిగియుందురు. క్యాను కడిగిన పని మాత్రము ఇంటివారందఱిది కాదు. తోడికోడలు ప్రత్తిచేనికి పోయియుండగా, ఎవ్వరును చెప్పకుండ, ఈ వ్యాసము వ్రాయుచున్నవారే చేసిన పని. క్యాను పిడి బోలుగా నుండును. బోర్లించినను దానిలోను, మూతి ప్రక్కనున్న భుజములలోను నీరు నిలిచియుండునని మాకు స్ఫురింపలేదు. శుభ్రము చేసితిమన్న తృప్తియే మిగిలినది.

నిజము చెప్పవలసివచ్చినచో చెప్పవలెనను సంగతి మాకు తెలియనిదా? చిన్ననాడు మా తండ్రిగారు భారతమును ఒడిలో కూర్చుండబెట్టుకొని చదివించిరి. ఉద్యోగపర్వములోని నీతులు కంఠస్థములు. అయినను ఆ పొయ్యి యొద్ద మా నోరు పెగలలేదు. అత్తగారి మ్రొక్కు, పిల్లలు, పరాయివారి యెదుట మావారి మర్యాద, ఇవన్నియు అడ్డము వచ్చినట్లు మనస్సు చెప్పుచుండెను. నిజమునకు అడ్డము వచ్చినది మా శుభ్రతను గూర్చి మాకున్న గర్వమొక్కటియే. బంకువాడు నిందపడిననేమి, వాడెవరో, మేమెవరమో యని కూడ ఒక క్షణము తోచినది. ఆ మాట వ్రాయుటకు ఇప్పుడును సిగ్గగుచున్నది.

మఱిది పానా తీసికొని ట్యాంకు క్రిందికి వంగెను. మంచి డీజిలంతయు నేలపాలు కాబోవుచున్నది. పొయ్యి పదియడుగుల దూరముననే మండుచున్నది. చెడిన క్యానులోనిది మరల ట్యాంకులో చేరబోవుచున్నది. ఇక ఊరకుండుట కుదరలేదు. గరిటె దింపి, "ఆగు నాయనా! ఆ క్యాను నిన్న నీళ్లతో కడిగితిమి. ఆ నీళ్లు బంకువానివి కావు, మా చేతివి," అంటిమి.

ఎవ్వరును మాటాడలేదు. మావారు మా వంక చూచి, తలవంచుకొని, క్యాను తెచ్చి సమముగానున్న బండపై పెట్టిరి. తెల్లని ప్లాస్టిక్ క్యాను గనుక వెనుకనుండి టార్చి వేయగా అడుగున వ్రేలెడు మందము నీటిగీత స్పష్టముగా కనబడినది. మఱిది చాలసేపు దానినే చూచెను. తుదకు, "వదినె, ముందుగాల చెప్పక పోతివి," అని మాత్రమనెను. తిట్టినను బాగుండెడిది.

అప్పుడు మా అత్తగారు పొయ్యిలో కట్టె సరిచేయుచు, "నీళ్లు పోసింది ఆమె, చూడకుంట డీజిలు పట్టించుకొచ్చింది నువ్వు. ఇద్దరిదీ సగం సగం. ఇగ బువ్వ తినుండ్రి," అనిరి. జనగామ పెద్దమనిషి నవ్వి, "మా ఇంట్ల గూడ గిట్లనే అయింది అక్కా. మా ఆమె క్యాను ఎండబెట్టి దాస్తది ఇప్పుడు," అనెను. ఆ మాటతో మా ప్రాణము తేలికపడినది.

ట్యాంకు విప్పవలదనియు, రాత్రియంతయు కదల్పక యుంచినచో నీరంతయు అడుగునకు దిగుననియు, తెల్లవారిన పిదప అడుగుమర విప్పి నీటిని మాత్రము వదలవచ్చుననియు ఆయన చెప్పెను. త్రోవలో కుదుపులకు నీరు డీజిలులో చిన్నచిన్న బిందువులై చెదరియుండునట. నిలకడ లేనిది తేట కాదు. అటులే ఆ రాత్రి అచ్చటనే విడిది చేసితిమి. పిల్లలు టార్పాలిన్ క్రింద నిద్రించిరి. త్రోవపై బండ్ల వెలుగులు ఆగక పోవుచుండెను. అప్పుడప్పుడు శివసత్తుల కేకలు, డప్పుల మ్రోత. అవి పోయిన వెనుక అడవి మరల నిశ్శబ్దము. మాకు నిద్ర రాలేదు. అత్తగారికిని రాలేదు. "గురువారం పొద్దుగూకెవరకు చేరుతమా, బిడ్డా?" యని ఒకమారు అడిగిరి. సమ్మక్క గద్దెకెక్కువేళకు అచ్చట నుండవలెనని వారి కోరిక. చేరుదుమంటిమి. మా మాటయందు వారికి నమ్మకము తగ్గియుండునని అనుకొంటిమి గాని, వారు "సరే" యని కన్నులు మూసికొనిరి.

బుధవారము తెల్లవారగానే పని మొదలయ్యెను. మావారు ఒకరి మోటారుసైకిలెక్కి పస్రాకు పోయి క్రొత్త ఫిల్టరు తెచ్చిరి. ట్యాంకు అడుగుమర విప్పగా మొదట నీరు వచ్చినది, సుమారు రెండు గ్లాసులు. పిదప తేట డీజిలు రాగానే బిగించిరి. క్యానులోని పైడీజిలును గొట్టముతో మెల్లగా లాగి, అడుగున నాలుగు వ్రేళ్ల మందము వదలిరి. అంతటితో ఇంజను నడువదట. విప్పినప్పుడు గొట్టములలో గాలి చేరును. దానిని వారు ఎయిరు పట్టుట యందురు. డీజిలు ఇంజనునకు నీరెంత శత్రువో గాలియు అంతే. ఫిల్టరు పైమర వదులుచేసి, ప్రక్కనున్న చేతిపంపును కొట్టుచుండవలెను. మొదట నురుగు వచ్చును, పిదప బుడగలు, తుదకు బుడగలేని డీజిలు. అప్పుడు కొట్టుచుండగానే మర బిగింపవలెను. ఆ పంపు కొట్టుట మేమే చేసెదమంటిమి. మఱిది కొంచెము సంకోచించి, స్థలమిచ్చెను. చేతికి మసి, చీర చెఱగునకు డీజిలు వాసన. ఇరువది నిమిషములలో బుడగలు నిలిచినవి. బ్యాటరీ లేనందున పెద్దమనిషి తన ట్రాక్టరుతో గొలుసు వేసి లాగగా, నాలుగు బారలు పోవునంతలో మా ఇంజను భుగ్గున అందుకొన్నది. పిల్లలు చప్పట్లు కొట్టిరి.

బయలుదేరబోవునంతలో అత్తగారు మరల ఆపిరి. మిట్టపై మేము పెట్టిన రాళ్లును కొమ్మలును త్రోవపైననే యున్నవి. "మన బండి కదిలిందని రాయి మరిచిపోతే రాత్రి ఇంకోని బండి బోర్లపడతది," అనిరి. మావారు వెనుకకు పోయి వానిని త్రోవప్రక్కకు తొలగించి వచ్చిరి. పొయ్యిలో నీళ్లు పోసి, బూడిద చల్లారినదని చేతితో తాకి చూచి కదలితిమి. ఆ మాసమున ఎండుటాకుల అడవికి ఒక్క నిప్పురవ్వ చాలును.

మధ్యాహ్నము రెండుగంటలకు మేడారము చేరితిమి. కనుచూపుమేర డేరాలు, ట్రాలీలు, పొయ్యిల పొగలు. ఆ యేడు కోటికి మించిన జనము వచ్చిరని ప్రభుత్వమువారు చెప్పిరి. గుడారము వేసి జంపన్నవాగులో స్నానము చేసితిమి. పూర్వము దానిని సంపెంగవాగందురట. సమ్మక్క కుమారుడు జంపన్న యుద్ధమున అందులో పడి మరణించుటచే ఆ పేరు వచ్చినదట. గురువారము సాయంకాలము చిలుకలగుట్ట దిక్కున తుపాకి ప్రేలినది. అది పోలీసు అధికారి చేయు వందనము. సమ్మక్కను తెచ్చు కోయ పూజారి వచ్చుచుండగా జనసముద్రము ఒక్కమారుగా లేచినది. అత్తగారిని మేము రెండుచేతుల పట్టుకొని నిలిచితిమి. వారికి కుంకుమభరిణె కనబడినదో లేదో మాకు తెలియదు. వారి కన్నులు మాత్రము మూతలు పడలేదు. శుక్రవారమున చిన్నవానిని త్రాసులో కూర్చుండబెట్టితిమి. ఇరువదిరెండు కిలోల బంగారము చాలలేదు. వాడు ఈ మధ్య ఒక కిలో పెరిగియుండెను. కొఱత పడినదానిని అచ్చటి అంగడిలో కొని పూరించితిమి. అత్తగారు ఆ ఒక్క కిలో విషయమున అందఱితోను సంతోషముగా చెప్పుకొనిరి.

తిరుగుప్రయాణమునకు వేఱు ఏర్పాటు చేసికొంటిమి. ట్రాలీలో సామానులు మాత్రమే వేసి, మఱిదియు మావారును ట్రాక్టరుపై బయలుదేరిరి. మిగిలినవారము ఆర్టీసీ బస్సు ఎక్కితిమి. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణ ఆర్టీసీ సాధారణ బస్సులలోను ఎక్స్‌ప్రెస్ బస్సులలోను స్త్రీలకు ఉచిత ప్రయాణము కలదు. వరుసలో మూడుగంటలు నిలువవలసివచ్చినది గాని, అత్తగారు కిటికీ ప్రక్కన కూర్చుండి హనుమకొండ వఱకు నిద్రపోయిరి. ఈ ఏర్పాటు పోవునప్పుడే చేసికొనవలసినది.

బస్సు ఆ బంకు ముందునుండి పోయినది. ఒక కుఱ్ఱవాడు చొక్కా చేతులు మడిచి, ఎవరిదో మోటారుసైకిలులో పెట్రోలు పోయుచుండెను. వానికి మా సంగతి ఏమియు తెలియదు. మేము పొయ్యి యొద్ద ఇంకొక గడియ ఊరకుండినచో వాని పేరు మా ఊరంతయు చెడియుండెడిది.

సోదరీమణులారా! ఇల్లు కదలి పోవునప్పుడు వంటపాత్రలను, పఱుపులను మనమెఱుగుదుము. ఇంటిని లాగునట్టి యంత్రము మగవారి పని యని వదలివేయుదుము. మన చేయి మాత్రము దాని వస్తువులపై పడక మానదు. కావున డీజిలు క్యానును నీటితో కడుగవలదు. కడిగితిరా, మూతతీసి రెండుదినములు ఎండలో నారబెట్టి, లోపల పొడిగుడ్డ త్రిప్పిచూచి, కడిగిన సంగతి బండి నడుపువానితో చెప్పుడు. ట్రాలీలో రెండు కొయ్యదిమ్మెలు, ఒక గొలుసు, ఒక ఫిల్టరు, ఒక టార్చి ఉన్నవో లేవో పప్పుమూట చూచినట్లే చూడుడు. మిట్టపై బండి ఆగినచో దిగుటకు తొందరపడక చక్రములకు అడ్డుపెట్టించుడు. అన్నిటికంటె ముఖ్యమైనది మఱొకటి. తప్పు మనదని తెలిసినచో పానా ట్యాంకును తాకకముందే చెప్పుడు.

మా క్యాను ఇప్పుడు కొట్టములో మేకునకు వ్రేలాడుచున్నది. మఱిది దానిపై ఎఱ్ఱరంగుతో "నీళ్లు తగులరాదు" అని వ్రాసెను. మట్టిగొట్టుకొని, జిడ్డుగా, వాసన వేయుచున్నది. మేము దానిని ముట్టుట లేదు.